మెడ మూలన గీత

మా వదిన ఎవరింటికైనా వెళ్తే ముందు మనుషుల్ని చూడదు. అలమరాలు చూస్తుంది. పుస్తకాల బరువుకి ఏ అర నడుం వంచిందో, ఏ కర్టెన్ రాడ్డు మధ్యలో జారిందో చూసుకున్నాకే "బాగున్నారా" అంటుంది. పెళ్లయి మా ఇంట్లో అడుగుపెట్టిన రోజూ అంతే. చుట్టాలంతా కొత్తకోడలి మొహం చూడాలని ఎగబడుతుంటే ఆవిడగారు తల పక్కకి వాల్చి వంటింట్లో డబ్బాల అర వంక చూస్తోంది. ఇది ఎక్కువ కాలం ఆగదని మా అమ్మతో చెప్పింది కూడా. అమ్మ ఏమనుకుందో గానీ నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ అర నేను ఏరికోరి కొన్నది. తర్వాత అది నిజంగానే ఊడిపడింది, కానీ ఆ సంగతి ఇప్పుడెందుకు.

ఆవిడ చేసే పని చెబితే ఈ చూపు ఎందుకో అర్థమవుతుంది. మామూలు లారీలు మోయలేని బరువులుంటాయి కదా, కరెంటు ట్రాన్స్‌ఫార్మర్లు, బాయిలర్లు, మిల్లుల్లో తిరిగే పెద్ద పెద్ద రోలర్లు, వాటిని మోసే ట్రెయిలర్లకి ఇనుప చట్రం ఎలా ఉండాలో గీసేది ఆవిడే. ఎత్తయిన సరుకు దారిలో తీగలకీ వంతెనలకీ తగలకుండా పోవాలి కాబట్టి ఆ బండ్ల నడుం నేలకి బాగా దగ్గరగా ఉంటుంది. ముందు భాగం మాత్రం పైకి లేచి, లాగే ఇంజను బండి వీపు మీద కూర్చుంటుంది. దాన్ని మా షెడ్డులో మెడ అంటాం. ఆ మెడ కిందకి దిగి నడుంతో కలిసే చోటు మూల. బండికి వచ్చే రోగాలన్నీ దాదాపు ఆ మూలలోనే పుడతాయి.

"మా షెడ్డు" అంటున్నానంటే, నేనూ అక్కడే స్టోర్సు చూస్తాను. నట్టు దగ్గర్నుంచి రంగు డబ్బా దాకా ఏదైనా నా చేతి మీదుగానే బయటికి పోవాలి. నా నోరు మంచిది కాదని అందరూ అంటారు. అడిగినవాడికి అడిగినంత ఇచ్చేస్తూ పోతే మంచి నోరే ఉండేది, స్టోర్సు ఉండేది కాదు.

మా అన్నయ్య ఆ కంపెనీలోనే పెద్ద బండ్లు తోలతాడు. వాళ్లిద్దరికీ పరిచయం గొడవతోనే మొదలైంది. సరుకుని గొలుసులతో కట్టడానికి ట్రెయిలరు అంచుల్లో రింగులు ఉంటాయి. ఒక బండికి ఆ రింగుల్ని దూలానికి మరీ దగ్గరగా పెట్టారు. గొలుసు బిగించినప్పుడల్లా అన్నయ్య వేళ్ల కణుపులు దోక్కుపోయేవి. ఒకరోజు విసుగెత్తి ఆ చేతులతోనే డ్రాయింగు గదిలోకి దూసుకెళ్లి, ఈ రింగు గీసిన మహానుభావుడెవరని అడిగాడట. కిటికీ పక్క బల్ల దగ్గర్నుంచి ఒకమ్మాయి లేచి, నేనేనంది. ఆ అమ్మాయి అతని చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, పిడికిలి ఎంత మందం ఉందో కొలిచి, అప్పటికప్పుడు గీత మార్చేసింది. కొలవడం అయిపోయాక కూడా చెయ్యి వదల్లేదని అన్నయ్య అంటాడు. వదిలేశాను, ఈయనే తీసుకోలేదని ఆవిడ అంటుంది. ఈ తగువు ఇప్పటికీ తేలలేదు.

వాళ్ల నాన్న ఇనప మంచాలు చేసేవాడు. మంచం పూర్తయితే కూతుర్ని ఎక్కించి గెంతమనేవాడట. కిర్రుమంటే ఎక్కడ కిర్రుమందో వేలు పెట్టి చూపించమనేవాడు. మా వదిన అసలు చదువు ఆ మంచాల మీదే అయిపోయిందని నా ఉద్దేశం. కాలేజీలో దానికి లెక్కలు తోడయ్యాయి, అంతే.

చాలాకాలం ఆవిడ వేరే పెద్దాయన గీసిన చట్రాలకి రింగులూ మెట్లూ బ్రాకెట్లూ గీస్తూ గడిపింది. ఆయన రిటైరయ్యాక వచ్చిన మొదటి పెద్ద పని ఈ ట్రాన్స్‌ఫార్మరు బండి. ఈ చివర నుంచి ఆ చివర దాకా పూర్తిగా ఆవిడదే. దారిలో ఒక పొట్టి వంతెన ఉంది. ట్రాన్స్‌ఫార్మరు తల కోయలేం కాబట్టి బండి నడుమే ఇంకా కిందకి దించాలి. దించాలంటే దూలాలు పలచబడాలి. పలచబడితే వంగుతాయి. వంగితే నేలకి రాసుకుంటాయి. ఈ చిక్కు తీయడానికి ఆవిడ పడిన పాట్లు చూడాలి. ఇంట్లో ఎక్కడ చూసినా అట్టముక్కలే, కత్తిరించినవి, మడిచినవి, మీద ఉప్పు ప్యాకెట్టు పెట్టి వంచినవి. కూరలో కూడా అట్టముక్క వస్తుందేమోనని నేను గరిటె పెట్టి వెతుక్కునేదాన్ని.

చివరికి ఖాళీగా ఉన్నప్పుడు నడుం పైకి ఉబ్బి ఉండేలా గీసింది. బరువు ఎక్కాక ఆ ఉబ్బు దిగి చదునవుతుంది. ఇది అందరూ చేసేదే గానీ ఇంత పలచని దూలాలకి ఎంత ఉబ్బు కావాలో చెప్పడమే కష్టమట. షెడ్డులో అందరూ ఒప్పుకున్నారు. మెడ మూల దగ్గరకొచ్చేసరికి మాత్రం మేస్త్రి మొండికేశాడు.

మేస్త్రి మా షెడ్డులో అందరికన్నా పాత మనిషి. ఎక్కడ అనుమానం ఉంటే అక్కడ ఒక మందపాటి ప్లేటు అతికించి బిగించెయ్యడం ఆయన పద్ధతి. వదిన వద్దంది. బిగించిన చోట విరగదు, ఆ బిగువు టక్కున ఆగిపోయిన చోట విరుగుతుందని ఆవిడ వాదన. అందుకే మూలని గుండ్రంగా తిప్పి, దాని మీద ప్లేటుని, బిగువు మెల్లగా తగ్గిపోయేలా, నాలుకలా సన్నగా సాగదీసింది. మేస్త్రి ఆ కాగితం వంక చూసి తల అడ్డంగా ఊపాడు. మీ ఇష్టం అమ్మా, రేపు ఏదైనా అయితే నేను చెప్పలేదనొద్దన్నాడు. అంటూనే ఎడం, కుడి మూలలు రెండూ ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా తనే వెల్డింగు చేశాడు. ఆయన చెయ్యి పడితే వెల్డు అందంగా ఉండదు, గట్టిగా ఉంటుంది.

రంగు వేయకముందే ఇనప దిమ్మలు ఎక్కించి పరీక్ష చేశారు. బండి పొడవునా దూలం పక్కన దారం లాగి కట్టారు. దిమ్మలు ఎక్కుతున్నకొద్దీ ఉబ్బు దిగుతూ వచ్చింది. ఆఖరి దిమ్మ పెట్టాక దూలం దారంతో సమానంగా తిన్నగా నిలబడింది. అందరం చప్పట్లు కొట్టాం. వదిన మాత్రం మూల దగ్గర గొంతుక్కూర్చుని చెవి పెట్టి వింటోంది, మంచం కిర్రుమంటుందేమో అన్నట్టు.

ఇక ఆ బండి ఎవరు తోలాలన్న దగ్గర ఇంట్లో రగడ. పెళ్లాం గీసిన బండి మొగుడు తోలడమేమిటి, ఏదైనా జరిగితే ఎవరు ఎవర్ని ఓదార్చాలని మా అమ్మ గోల. అన్నయ్య వింటేగా. మా ఆవిడ మొదటి బండి ఇంకొకడి చేతిలో పెడతానా అని ఆఫీసుకెళ్లి మరీ అడిగి తెచ్చుకున్నాడు. పసుపు రంగు నిగనిగలాడుతుంటే ట్రాన్స్‌ఫార్మరు ఎక్కించుకుని, ముందు ఎర్రజెండా జీపు నడుస్తుండగా బయల్దేరాడు.

మర్నాడు మధ్యాహ్నం వదిన స్టోర్సు కిటికీ దగ్గర నిలబడి బోల్టుల కోసం నాతో పోట్లాడుతోంది. ఆవిడ ఫోను మోగింది. రెండు చేతుల నిండా బోల్టులున్నాయి కాబట్టి నేనే నొక్కి స్పీకరు పెట్టాను. అన్నయ్య ఎప్పుడు చేసినా ముందు, ఆ రాక్షసి ఇవాళ ఎవరి మీద అరుస్తోందని నా గురించే అడుగుతాడు. ఆ రోజు అడగలేదు.

"ఎడం పక్క మూలలో గీత పడింది," అన్నాడు.

వదిన బోల్టులు బల్ల మీద పెట్టేసింది. గీత ఎటు పోతోందని అడిగింది. వెల్డు అంచు వెంటేనన్నాడు. గోరు పెట్టి గీస్తే గోరు దిగుతోందా అంది. దిగుతోందన్నాడు. ఆవిడ వెంటనే చెప్పింది.

"బండి కదపొద్దు. మీరు దాని కిందకి వెళ్లొద్దు."

తర్వాత నడుం కింద చెక్క దిమ్మలు పెట్టించమంది. మనుషులు వంగి దూరకుండా పక్కనుంచి గడకర్రతో నెట్టమంది. దిమ్మకీ దూలానికీ మధ్య వేలెడు సందు వదలమంది. ఒకవేళ విరిగినా దిమ్మ మీద కూర్చుంటుంది, ఈలోగా బరువు అలాగే ఉంటే పగులు నోరు తెరుచుకుని స్పష్టంగా కనబడుతుంది. ఇదంతా చెప్పి ఫోను పెట్టేసి, ఎవరో వచ్చి అడిగేదాకా ఆగకుండా తనే మేనేజరు గదికి వెళ్లి, నా చట్రంలో పగులు వచ్చినట్టుందని చెప్పింది.

కంపెనీ వ్యానులో నలుగురం బయల్దేరాం. మేస్త్రి తోలాడు. రంగు గీకి చూడాలి, చూశాక ఇనుము తుప్పు పట్టకుండా మళ్లీ వేయాలి కాబట్టి మా షెడ్డులో బండ్లకి రంగులేసే పెయింటరు బాబాయ్‌ని ఎక్కించారు. పగులు పట్టే ఎర్ర మందూ తెల్ల మందూ నా స్టోర్సులోవి, అందుకని నేనూ ఎక్కాను. సీసాలు ఇచ్చి పంపితే చాలు కదా అన్నారెవరో. మా అన్నయ్య అక్కడ ఉంటే నేను ఇక్కడ కూర్చుంటానా? నేను వాళ్లకేసి చూసిన చూపుకి మళ్లీ ఎవరూ నోరెత్తలేదు.

దారిలో మేస్త్రి నేను ముందే చెప్పానని అంటాడేమో, అంటే కడిగేద్దామని కాచుక్కూర్చున్నాను. ఆయన అనలేదు. చాలాసేపటికి, వెల్డులో గాలిబుడగ ఏదైనా ఉండిపోయిందేమో అమ్మా, ఆ రోజు నా కళ్లు కాస్త మంటగా ఉన్నాయి అని గొణిగాడు. వదిన కాదంది. వంపు నాది మేస్త్రిగారూ, మీ చేతిని అనుకోకండి అంది. ఇద్దరూ తప్పు నాదంటే నాదని లాక్కుంటున్నారు. నాకు ఏడుపొచ్చింది. పెయింటరు బాబాయ్ తన డబ్బాల పెట్టె ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. మామూలుగా ఆయన నోటికి తాళం ఉండదు.

"నాకు భయంగా ఉంది, మరదలా," అంది వదిన మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా. "గీత ఇనుములో ఉంటే ఇంక నేను గీయను. నిజంగానే."

ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. గీయడం మానేసి మా వదిన ఏం చేస్తుందో ఊహించుకుందామని ప్రయత్నించాను. ఏమీ తోచలేదు. పిచ్చిమాటలు మాట్లాడకని కసురుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

బండి రోడ్డు పక్క లారీలు ఆగే విశాలమైన స్థలంలో ఉంది. అన్నయ్య ఎదురొచ్చి, డాక్టర్లంతా వచ్చారే అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. చట్రం కింద చెక్క దిమ్మలు వదిన చెప్పినట్టే వేలెడు సందుతో ఉన్నాయి. ఎడం మూలలో పసుపు రంగు మీద వెంట్రుకంత సన్నటి నల్లగీత, వెల్డు అంచు పట్టుకుని జానెడు పొడవున పాకింది. మేస్త్రి కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

రంగు గీకే రేకు వదిన ఎవరికీ ఇవ్వలేదు. మొదటి గీకుడికే మందపాటి పెచ్చు ఒకటి ఊడి కింద పడింది. ఆవిడ దాన్ని తీసుకుని వేళ్ల మధ్య నలిపింది. పొడి పొడి అయింది. లోపల తెల్లగా ఉంది.

"ఇది రంగు కాదు," అంది.

పెయింటరు బాబాయ్ తన పెట్టె కింద పెట్టి, లప్పం అన్నాడు. గోడల బీటలకీ, చెక్క కంతలకీ పూసి నున్నగా చేసే లప్పం. మేస్త్రి వెల్డు గుట్టలు గుట్టలుగా ఉందట. బండి మొదటిసారి బయటికి వెళ్లేటప్పుడు పెద్దలంతా వచ్చి ఫొటోలు తీసుకుంటారు, మేడమ్ మొదటి బండి, మెడ దగ్గరే అలా వికారంగా కనబడితే ఏం బాగుంటుందని ఆయనకి అనిపించిందట. చిన్నగా లప్పం పట్టించి, నున్నగా రుద్ది, పైన రంగేశాడు. ఇనుము బరువుకి కదులుతుంది, లప్పం కదల్లేదు. పగిలింది.

"అందంగా ఉంటుందనుకున్నానమ్మా," అన్నాడు.

నేను నోరు తెరిచాను. దారి పొడవునా ఆపుకున్న నోరంతా ఆయన మీద పారబోసేదాన్నే. వదిన చెయ్యెత్తి ఆపింది. ఇంకా అయిపోలేదంది. లప్పం పగిలినంత మాత్రాన దాని కింద ఇనుము బాగున్నట్టు కాదు.

మూల మొత్తం ఇనుము బయటపడేదాకా గీకింది. ఎండకి ప్లేటు కాలిపోతుంటే అన్నయ్యా జీపు మనిషీ టార్పాలిన్ పట్టుకుని నీడ చేశారు. చల్లారాక జిడ్డు పోయే మందుతో తుడిచి, ఎర్ర మందు పూసింది. ఇనుములో పగులుంటే ఈ ఎరుపు అందులోకి ఇంకుతుంది. పైనున్నది తుడిచేసి తెల్ల మందు చల్లితే, లోపల దాక్కున్న ఎరుపు మళ్లీ పైకి ఊరి గీతలా కనబడుతుంది. పగులు లేకపోతే తెలుపు తెలుపుగానే ఉంటుంది.

తెల్ల మందు చల్లి వదిన వెనక్కి జరిగింది. మేస్త్రి మూలకి ముక్కు ఆనించేంత దగ్గరగా వంగాడు. నేను చూడలేక వదిన మొహం చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కళ్లు ఆర్పడం లేదు.

తెలుపు తెలుపుగానే ఉంది.

ఆవిడ నమ్మలేదు. తుడిచి మళ్లీ మొదట్నుంచి చేసింది. మళ్లీ తెలుపే. కుడి మూల కూడా గీకి చూసింది. అక్కడా తెలుపే. అప్పుడు మేస్త్రి నేల మీద చతికిలపడి, ఆ నాలుక ప్లేటు ఆలోచన మంచిదేనమ్మా అన్నాడు. ఆయన నోట అంతకు మించి పొగడ్త రాదు. వదిన టైరుకి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది. వస్తూనే నోరు కూడా వచ్చింది. బాబాయ్‌కి ఆ రోజు నా చేతిలో పడిన చివాట్లు ఆయన జన్మలో మర్చిపోడు. చివరికి వదినే అడ్డుపడి, వెల్డు మీద ఇంకెప్పుడూ లప్పం పెట్టొద్దని, వికారంగా ఉన్నా కనబడితేనే మేలని చెప్పి, కన్నీళ్లు తుడుచుకోమని ఆయనకి తన రుమాలు ఇచ్చింది. ఆ రుమాలుకి ఎర్ర మందు అంటుకుని ఉంది. ఆయన మొహమంతా ఎర్రగా అయింది. నేను నవ్వాపుకోలేకపోయాను, అంతలా తిట్టాక కూడా.

బాబాయ్ ఈసారి వట్టి రంగు వేస్తుంటే మేము ఆ పక్కనున్న బడ్డీలో టీ తాగాం. అందరి మొహాలూ విప్పారాయి. అన్నయ్య ఒక్కడే గ్లాసు చేతిలో పట్టుకుని తాగకుండా నిలబడ్డాడు. బండి బాగుంది కదా, ఇంకా ఏమిటి ఆ మొహం అని వదిన అడిగింది.

"పొద్దున ఆగినప్పుడే చూశాను దాన్ని," అన్నాడు.

వదినకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. అన్నయ్య నేలకేసి చూస్తూ చెప్పాడు. పొద్దున టీ కోసం ఆగినప్పుడే గీత కనబడిందట. ఫోను చేతిలోకి తీసుకుని మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడట. మెల్లగా తోలుకుంటూ పోయి, సరుకు దించేసి, ఖాళీ బండి వెనక్కి తెచ్చి, మేస్త్రితో గుట్టుగా వెల్డు చేయిద్దామనుకున్నాడు. మొదటి బండి, షెడ్డులో ఆవిడ పేరు పోకూడదని. అలా మధ్యాహ్నం దాకా తోలాడు. గీత ఇంకాస్త పాకడం చూశాక, ఇక తన వల్ల కాక ఫోను చేశాడు.

వదిన గ్లాసు కింద పెట్టింది. పదిమందిలో ఆవిడ అన్నయ్యని ఎప్పుడూ మీరు అనే అంటుంది. ఆ రోజు మేమంతా అక్కడున్నామన్న సంగతే మర్చిపోయింది.

"నా బండి విరిగితే ఇంకోటి గీస్తాను," అంది. "నువ్వు విరిగితే నేనేం గీయాలి?"

అన్నయ్య తల వంచుకుని నిలబడ్డాడు, చెట్టంత మనిషి. ఇంకెప్పుడూ దాచనన్నాడు. ఆవిడ చున్నీతో మొహం తుడుచుకుని వెళ్లి ఇంజను బండి ఎక్కి, డ్రైవరు పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకుంది. మేము ముగ్గురం వ్యానులో వెనక్కి వచ్చేశాం.